స్టేడియం కింద మూడు పేటలు

లాస్ ఏంజెలిస్ అనగానే మనకు హాలీవుడ్డూ, సినిమా తారలూ గుర్తొస్తారు. ఆ ఊళ్ళో కాపురముండేవాళ్ళను అడిగితే మాత్రం సినిమా కన్నా ముందు ఇంకో పేరు చెప్పినా చెబుతారు. డాడ్జర్స్. అది వాళ్ళ బేస్‌బాల్ జట్టు. నగరం నడిబొడ్డుకు కాస్త ఉత్తరంగా, గుట్టలమీద, ఆ జట్టుకో పెద్ద స్టేడియం వుంది. 56 వేలమంది కూచుని చూడవచ్చు. వెనక కొండల వరస, పక్కన పొడుగాటి పామ్ చెట్లు, పొద్దు గుంకే వేళ రంగులు మారే ఆకాశం. ఆట గురించి అక్షరం ముక్క తెలియనివాళ్ళు కూడా ఆ చోటు చూసి ముచ్చట పడతారట.

ఈవేళ నేను చెప్పబోయేది ఆట గురించి కొంచెమే. ఆ స్టేడియం కిందనున్న నేల గురించి ఎక్కువ. ఎందుకంటే అక్కడ ఒకప్పుడు వెయ్యికి పైగా సంసారాలుండేవి. పొయ్యిలూ, పెరళ్ళూ, కోళ్ళ గూళ్ళూ, ఒక గుడీ, ఒక బడీ వుండేవి. అవన్నీ ఎలా పోయాయో ఆ కథ అమెరికాలోనే చాలామందికి సగం సగం తెలుసు. సగం తెలిసిన కథ ఎప్పుడూ ఎవరో ఒకరి నెత్తిన నిందంతా వేసి వూరుకుంటుంది.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. బేస్‌బాల్ మన క్రికెట్టుకు దూరపు చుట్టం. జట్టుకు తొమ్మిదిమంది. గుండ్రని కర్రతో బంతిని కొట్టి, నాలుగు మూలలా వున్న నాలుగు మజిలీలు చుట్టి రావాలి. బయల్దేరిన చోటును వాళ్ళు "హోమ్" అంటారు, అంటే ఇల్లు. ఎంత గొప్పగా కొట్టినా, ఎన్ని మజిలీలు దాటినా, తిరిగి ఇల్లు చేరితేనే పరుగు లెక్క. ఇంటికి చేరకపోతే ఏమీ లేదు. ఈ కథలో ఆ మాట తలుచుకుంటే మనసు కాస్త చివుక్కుమంటుంది.

ఇక నేల సంగతి. ఆ గుట్టల మధ్య లోయను చావెజ్ రవీన్ అంటారు. 19వ శతాబ్దంలో న్యూ మెక్సికో నుంచి వచ్చి అక్కడ భూమి సంపాదించి, నగర పాలనలో పెద్దమనిషి అయిన హూలియాన్ చావెజ్ పేరది. ఊరికి ఏది అక్కర్లేకపోతే దాన్ని అప్పట్లో ఆ లోయలోకి తోసేవారు. మశూచి వచ్చినవాళ్ళను వేరుగా వుంచిన ఆసుపత్రి అక్కడే. ఆ నగరంలో యూదుల మొదటి శ్మశానవాటిక కూడా 1855లో అక్కడే ఏర్పడింది. ఇటుక బట్టీలూ వెలిశాయి. ఎవరూ కోరని చోటు కనక బీదవాళ్ళకు దొరికింది.

ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు ఆ గుట్టలమీద స్థలాలు కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నాయి. కట్టించుకోవడం కాదు, కట్టుకోవడమే. ఆదివారాలు, సెలవురోజులు, చుట్టాల చేతి సాయం, ఎక్కడో కూల్చిన ఇంటి కలప. అలా మూడు పేటలయ్యాయి. పాలో వెర్డే, లా లోమా, బిషప్. లా లోమా అంటే స్పానిష్‌లో గుట్ట అని. నగరంలో మంచి పేటలు లేకా అంటే, వున్నాయి. కానీ చాలాచోట్ల దస్తావేజుల్లోనే రాసుండేది, ఈ ఇల్లు తెల్లవాళ్ళకు తప్ప అమ్మరాదని. 1948లో గానీ ఆ షరతులు చెల్లవని అక్కడి సుప్రీం కోర్టు చెప్పలేదు. అంటే చేతిలో డబ్బున్నా కూడా మెక్సికన్ కుటుంబానికి ఊళ్ళో చాలా గుమ్మాలు మూసే వుండేవి.

సరిగ్గా 1948లోనే డాన్ నార్మార్క్ అనే పందొమ్మిదేళ్ళ కుర్రాడు, ఫోటోగ్రఫీ విద్యార్థి, నగరం మొత్తం కనబడే ఎత్తయిన చోటు వెతుక్కుంటూ ఆ గుట్ట ఎక్కాడు. ఎక్కి చూస్తే కాలికింద ఒక పల్లెటూరు! వీధుల్లో తారు లేదు. పిల్లలు మట్టిలో ఆడుతున్నారు. ఇళ్ళ ముందు తోటలు, ఆరేసిన బట్టలు, మేకలు, శాంటో నీన్యో అనే చర్చి. అంటే "పవిత్ర బాలుడు" అన్నమాట. అటు తిరిగి చూస్తే నగరపాలక భవనం తెల్లగా, నిటారుగా కనిపిస్తుంది. ఆ కుర్రాడు నగరాన్ని మరిచిపోయి ఆ పేటల ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. ఆ ఫోటోలు చూస్తే బీదరికం కనబడుతుంది, కాదనను. కానీ దిక్కులేనితనం కనబడదు. ఇస్త్రీ చేసిన చొక్కాలు తొడుక్కుని చర్చికి బయల్దేరిన కుటుంబాలు కనబడతాయి. గుమ్మం ముందు వూడ్చిన గుర్తులు కనబడతాయి. ఇంటిని చూసుకునే ఆడవాళ్ళకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

అధికారులకు తెలియలేదు. వాళ్ళ కాగితాల్లో ఆ మూడు పేటలకూ ఒకే పేరు, మురికివాడ.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఆ అధికారులు దుర్మార్గులు కారు. 1949లో అమెరికా ప్రభుత్వం బీదవాళ్ళకు మంచి ఇళ్ళు కట్టించాలని చట్టం చేసింది. దానికింద లాస్ ఏంజెలిస్‌కు పదివేల ఇళ్ళు మంజూరయ్యాయి. చావెజ్ రవీన్‌లో పెద్ద కాలనీ కట్టాలని తలపెట్టారు. రిచర్డ్ న్యూట్రా అని ఆస్ట్రియాలో పుట్టిన ప్రసిద్ధ వాస్తుశిల్పి, రాబర్ట్ అలెగ్జాండర్ అనే ఆయనతో కలిసి ప్లాను గీశాడు. పదమూడంతస్తుల భవనాలు 24, రెండంతస్తులవి 163. మూడువేలకు పైగా కుటుంబాలు వుండవచ్చు. పిల్లలకు బడులు, ఆటస్థలాలు అన్నీ వున్నాయి అందులో. కాగితం మీద చూస్తే ఎంతో బాగుంది. పదమూడో అంతస్తులో మేకను ఎక్కడ కట్టాలో, మిరప మొక్క ఎక్కడ పాతాలో మాత్రం ప్లానులో లేదు. ప్లాను గీసేవాళ్ళు వంటింటి మనుషుల్ని అడగడం ఏ దేశంలోనైనా అరుదే లెండి.

1950 జూలై 24వ తేదీతో ఇంటింటికీ ఉత్తరాలు వచ్చాయి. ఇక్కడ ప్రభుత్వం ఇళ్ళు కట్టబోతోంది, మీ ఇంటికి విలువ కట్టడానికి మనుషులు వస్తారు, మీరు అమ్మాలి, కొత్త ఇళ్ళు పూర్తయ్యాక వాటిలో మొదటి అవకాశం మీకే, ఇదీ సారాంశం. ఆ ఉత్తరాన్ని నమ్మినవాళ్ళు నమ్మారు. నమ్మనివాళ్ళు పోట్లాడారు. 1951లో జరిగిన విచారణ సభలకు ఆ పేటల ఆడవాళ్ళు కూడా వెళ్ళి, లేచి నిలబడి, మా ఇల్లు మాకు చాలు అన్నారు. చాలామంది మాత్రం, ప్రభుత్వంతో ఏం గెలుస్తాం అనుకుని, ఇచ్చినంత తీసుకుని సామాను సర్దుకున్నారు. ముందు అమ్మినవాళ్ళకు కాస్త ఎక్కువా, వెనక మిగిలినవాళ్ళకు తక్కువా ఇచ్చారని అక్కడివాళ్ళు తరవాత చెప్పుకున్నారు. పక్కింటివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే మిగిలినవాళ్ళకు ధైర్యం ఎంతకాలం నిలుస్తుంది చెప్పండి?

మరి ఆ కొత్త ఇళ్ళేమయ్యాయి? కట్టనే లేదు. స్థలాలూ ఇళ్ళూ కొని అమ్మే వ్యాపారులకు, ప్రభుత్వమే చవకగా ఇళ్ళు ఇస్తే గిట్టదు కదా. అది కమ్యూనిస్టుల పద్ధతి అని ప్రచారం లేవదీశారు. అప్పట్లో అమెరికాలో ఆ మాట అంటే చాలు, ఎవరి ఉద్యోగమైనా ఊడేది. ఈ పథకానికి ప్రాణం పెట్టి పనిచేసిన ఫ్రాంక్ విల్కిన్సన్ అనే అధికారిని 1952లో కోర్టు విచారణలో, నువ్వు ఏయే సంఘాల్లో సభ్యుడివి అని అడిగారు. ఆయన జవాబు చెప్పనన్నాడు. ఉద్యోగం పోయింది. తరవాత దేశసభ సంఘం ముందు కూడా అలాగే జవాబు చెప్పనందుకు 1961లో జైలుకు వెళ్ళాడు. మరుసటి ఏడు, 1953లో జరిగిన ఎన్నికల్లో ఆ ఇళ్ళ పథకాన్ని వ్యతిరేకించిన నారిస్ పౌల్సన్ మేయరుగా గెలిచాడు. పథకం రద్దయింది. నగరం ఆ నేలను కేంద్ర ప్రభుత్వం నుంచి సుమారు పన్నెండున్నర లక్షల డాలర్లకు, అంటే అంతకుముందు దానిమీద పెట్టిన ఖర్చులో చిన్న భాగానికే, తిరిగి కొనుక్కుంది. ప్రజాప్రయోజనానికే వాడాలి అని ఒక షరతు.

అంటే చూడండి. ఇళ్ళు ఖాళీ చేయించింది బీదవాళ్ళకు ఇళ్ళు కట్టడానికి. ఆ ఇళ్ళు కట్టలేదు. ఖాళీ చేసినవాళ్ళను వెనక్కి రమ్మనీ అనలేదు. ఏళ్ళ తరబడి ఆ గుట్టలమీద పాడుపడిన గోడలూ, గడ్డీ, పట్టుపట్టి కదలని ఓ ఇరవై కుటుంబాలూ మిగిలాయి. ఖాళీ ఇళ్ళలో కొన్నింటిని మంటలార్పే దళంవాళ్ళు తర్ఫీదు కోసం తగలబెట్టారు కూడా. విల్కిన్సన్ ముసలితనంలో, తాను ఆ కుటుంబాలను కదిలించడం తన జీవితంలోని విషాదమని చెప్పుకున్నాడు. నమ్మి ఇచ్చిన మాట మరొకళ్ళ చేతుల్లో నీళ్ళపాలయితే, ఆ మాట ఇచ్చినవాడి బతుకూ సుఖంగా వుండదు.

బేస్‌బాల్ ఇంతవరకూ ఈ కథలోకి రాలేదని గమనించారా? అది మూడువేల మైళ్ళ అవతల, న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో వుంది. అక్కడి వీధుల్లో ట్రాములు విపరీతం. వాటికింద పడకుండా తప్పుకు తిరిగే జనం కనక "ట్రాలీ డాడ్జర్లు" అని వేళాకోళం చేసేవారు. జట్టుకు ఆ పేరే స్థిరపడింది. నల్లజాతివాళ్ళను పెద్ద పోటీల్లోకి రానివ్వని రోజుల్లో, 1947లో, జాకీ రాబిన్సన్‌ను తీసుకుని ఆ కట్టు తెంచిన జట్టు అది. ఆ రాబిన్సన్ పెరిగింది లాస్ ఏంజెలిస్ పక్కనే వున్న పాసడీనాలో. 1955లో ఆ జట్టు తొలిసారి జాతీయ విజేత అయినప్పుడు బ్రూక్లిన్ జనం వీధుల్లోకొచ్చి పండగ చేసుకున్నారు. రెండేళ్ళు తిరిగేసరికి అదే జట్టు వాళ్ళను విడిచిపెట్టి వెళ్ళిపోయింది. యజమాని వాల్టర్ ఓమాలీకి 1913 నాటి పాత మైదానం చాలలేదు. కొత్తది కట్టుకోవడానికి బ్రూక్లిన్‌లో కోరిన స్థలాన్ని, న్యూయార్కు నిర్మాణాలన్నీ తన గుప్పిట్లో పెట్టుకున్న రాబర్ట్ మోజెస్ ఇవ్వనన్నాడు. 1957లో ఓమాలీ లాస్ ఏంజెలిస్ వచ్చి, హెలికాప్టరెక్కి ఊరంతా చూశాడు. రోడ్లు కలిసే చోట, ఖాళీగా, మూడువందల ఎకరాల నేల. పైనుంచి చూస్తే ఇరవై ఇళ్ళు ఏమాత్రం కనబడతాయి?

ఆ జట్టును రప్పించడంలో ముఖ్యపాత్ర ఒక స్త్రీది. రోజలిండ్ వైమన్. 1953లో ఇరవైరెండేళ్ళ వయసులో నగర సభకు ఎన్నికయింది. అంత చిన్నవయసులో ఆ సభకు అంతకుముందు ఎవరూ ఎన్నిక కాలేదు. ఊరికి పెద్ద స్థాయి బేస్‌బాల్ తెస్తానని ఎన్నికల్లోనే చెప్పింది. 1957 అక్టోబరు 7న సభలో ఓటింగుకు ముందు, మేయరు పక్కన కూచుని ఓమాలీకి ఫోను చేశారు. నేల ఇస్తే తప్పకుండా వస్తారా అని అడిగితే, ఆయన కచ్చితంగా చెప్పలేనన్నాడట. వైమన్ గుండెలో రాయి పడింది. ఎవరయినా లేచి, ఆయన మాట ఇచ్చాడా అని అడిగితే ఏం చెప్పాలి? సభలోకి వెళ్ళింది, ఎవరూ అడగలేదు, ఈమె చెప్పలేదు. పదిమంది అవుననీ నలుగురు కాదనీ ఓటు వేశారు. మర్నాడే జట్టు వస్తున్నట్టు ప్రకటన వచ్చింది. ఈ సంగతి తరవాత రోజుల్లో ఆవిడే చెప్పింది. 2022లో కన్నుమూసే వరకూ ఆ ఊరి బేస్‌బాల్‌కు తల్లి లాంటిదని ఆమెను ఆట అభిమానులు మన్నించారు. పెద్దల సభలో ఒక ఆడపిల్ల ఇంత పని నెగ్గించుకు రావడం గొప్పే. ఆ గొప్పదనాన్ని అదే గుట్టమీది ఆడవాళ్ళు ఏ కంటితో చూశారో అనికూడా అనిపిస్తుంది నాకు.

ఒప్పందం ఏమిటంటే, నగరం ఆ మూడువందల ఎకరాలు ఇస్తుంది. ఓమాలీ తాను అంతకుముందే కొన్న రిగ్లీ ఫీల్డ్ అనే పాత మైదానాన్ని నగరానికిచ్చి, స్టేడియం సొంత ఖర్చుతో కట్టుకుంటాడు. జనంలో సగంమంది భగ్గుమన్నారు. ప్రజాప్రయోజనం కోసమని వుంచిన నేలను వ్యాపారికి ఇవ్వడమేమిటని. సంతకాలు సేకరించి ప్రజల ఓటుకు పెట్టించారు. 1958 జూన్ 3న ఓటింగ్. రెండురోజుల ముందు టెలివిజన్‌లో గంటల తరబడి ప్రచార కార్యక్రమం నడిపారు. సినిమా తారలు వరసగా వచ్చి, జట్టు మన ఊళ్ళోనే వుండాలి అన్నారు. వాళ్ళలో ఒకాయన రొనాల్డ్ రీగన్. తరవాత అమెరికా అధ్యక్షుడైన ఆయనే. ఆరు లక్షలకు పైగా ఓట్లు పడితే సుమారు పాతికవేల తేడాతో ఒప్పందం నెగ్గింది. ఆ పైన కోర్టులు. 1959 జనవరిలో రాష్ట్ర సుప్రీం కోర్టు కూడా సరేనంది.

ఈలోగా జట్టు ఆట మొదలుపెట్టేసింది. ఎక్కడా? ఒలింపిక్ పరుగుపందేలు జరిగిన కొలిసియం అనే బ్రహ్మాండమైన మైదానంలో. 1958 ఏప్రిల్ 18న మొదటి ఆటకు 78,672 మంది వచ్చారు. ఆ మైదానం బేస్‌బాల్‌కు కుదరదు. ఎడమవైపు కంచె మరీ దగ్గర, 251 అడుగులే. అందుకని నలభై అడుగుల ఎత్తున వల కట్టారు. వెనక వరసల్లో కూచున్నవాళ్ళకు ఆటగాళ్ళు చీమల్లా కనబడేవారు. అందుకని జనం ఇంటినుంచి ట్రాన్సిస్టర్లు తెచ్చుకునేవారు! కళ్ళెదుట జరుగుతున్న ఆటను రేడియోలో వినేవారు. చెప్పేవాడు విన్ స్కల్లీ. వేలాది ట్రాన్సిస్టర్లలోంచి ఒకే గొంతు వస్తుంటే మైదానమంతా అతని మాటే వినిపించేదట. బ్రూక్లిన్‌లో 1950లో మొదలుపెట్టి 2016 దాకా, అరవై ఏడేళ్ళు, ఒకే జట్టు ఆట చెప్పాడాయన. రేడియో విలువ తెలిసిన మనకు ఈ కబురు చాలా తీపి.

ఇక 1959 మే నెల. రెండురోజుల సంగతి చెప్పాలి.

మే 7, గురువారం రాత్రి. రాయ్ కాంపనెల్లా అనే ఆటగాడు బ్రూక్లిన్‌లో అందరికీ ప్రాణం. జట్టు పడమటికి వెళ్ళడానికి కొద్ది నెలల ముందు, 1958 జనవరిలో, కారు ప్రమాదంలో మెడ దెబ్బతిని కాళ్ళూ చేతులూ పడిపోయాయి. లాస్ ఏంజెలిస్‌లో ఒక్క ఆటా ఆడలేదు. అతని గౌరవార్థం ఆ రాత్రి కొలిసియంలో ప్రత్యేకంగా ఆట పెట్టారు. 93,103 మంది వచ్చారు. చక్రాల కుర్చీలో అతన్ని మైదానం మధ్యకు తెచ్చి, దీపాలన్నీ ఆర్పేశారు. ప్రతివాళ్ళూ ఒక అగ్గిపుల్ల వెలిగించారు. చీకట్లో వేలకొద్దీ చిన్న మంటలు. తమ ఊళ్ళో ఎన్నడూ ఆడని మనిషి కోసం ఆ నగరం కంటతడి పెట్టింది.

మర్నాడు, మే 8, శుక్రవారం. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో ఆరెచిగా కుటుంబం ఇంటి ముందుకు షెరీఫ్ మనుషులు వచ్చారు. మాన్యుయెల్, అబ్రానా దంపతులు 1920ల నుంచీ ఆ ఇంట్లో వున్నారు. ఇంటికి 10,050 డాలర్లు ఖాయం చేశారు. వాళ్ళు పదిహేడువేల పైన అడిగారు. తక్కువ డబ్బు పుచ్చుకోమని భీష్మించుకు కూచున్నారు. ఏళ్ళు గడిచాయి. ఆవేళ పత్రికలవాళ్ళూ టెలివిజన్ కెమెరాలూ చూస్తుండగా తలుపులు పగలగొట్టారు. కూతురు అరోరా వర్గాస్, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న మనిషి, నేను నడవను అంది. నలుగురు మనుషులు ఆమె చేతులూ కాళ్ళూ పట్టుకుని మెట్లమీదుగా మోసుకు వెళ్ళారు. ఆ ఫోటో దేశమంతా చూసింది. వెనకనుంచి పిల్లల ఏడుపులు. ముసలి అబ్రానా రాళ్ళు తీసి విసిరింది. కుర్చీలు, మంచాలు బయటపడ్డ కొద్దిసేపటికే బుల్డోజరు ఇంటిని నేలమట్టం చేసింది. ఆ కుటుంబం శిథిలాల పక్కనే గుడారం వేసుకుని కూచుంది.

నాలుగురోజులు ఊరంతా అయ్యో అంది. ఇంతలో పత్రికలు ఒక సంగతి బయటపెట్టాయి. ఈ కుటుంబంలోవాళ్ళకు నగరంలో మరికొన్ని ఇళ్ళున్నాయని. అంతే, జాలి చప్పున చల్లారిపోయింది. నాకు ఈ న్యాయం అర్థం కాదు. ఇంకో ఇల్లున్నవాళ్ళను అయితే కాళ్ళూ చేతులూ పట్టుకుని లాగవచ్చునా? వాళ్ళు అడిగింది వుండడానికి చోటు కాదు. తమ ఇంటికి తగిన వెల. బీదవాళ్ళు పూర్తిగా బీదగా వుంటేనే మనం జాలిపడతాం. కాస్త గట్టిగా వున్నారని తెలిస్తే మోసపోయినట్టు ముఖం తిప్పుకుంటాం.

అలాగని, డాడ్జర్లు వచ్చి ఇళ్ళు కూల్చారు అనడమూ నిజం కాదు. జట్టు రాకముందే నూటికి తొంభై ఇళ్ళు పోయాయి. పోగొట్టింది మంచి ఉద్దేశంతో మొదలైన పథకమూ, దాన్ని చంపిన రాజకీయమూ. చివరి ఇరవై కుటుంబాల వంతు మాత్రం స్టేడియం లెక్కలోకి వస్తుంది. కానీ కూల్చిన ఇంటిమీద చివరికి ఎవరు నిలబడ్డారో వాళ్ళే జనానికి గుర్తుంటారు.

1959 సెప్టెంబరు 17న స్టేడియానికి శంకుస్థాపన అయింది. గుట్టల తలలు నరికి లోయలు పూడ్చారు. 80 లక్షల ఘనపు గజాల మట్టి కదిలించారు. పాలో వెర్డే పేట బడిని కూల్చనైనా లేదు. పైకప్పు తీసేసి, గదులనిండా మట్టి పోసి పూడ్చేశారు. ఈనాటికీ ఆ తరగతిగదుల గోడలు కార్లు ఆపుకునే చోటి కింద వున్నాయి. 1962 ఏప్రిల్ 10న ప్రారంభం. మొదటి బంతి విసిరింది ఓమాలీ భార్య కే. ఆవేళ సొంత జట్టు సిన్సినాటి చేతిలో ఓడిపోయింది. అన్ని హంగులతో కట్టిన ఆ స్టేడియంలో ప్రేక్షకులు తాగడానికి మంచినీటి కుళాయి పెట్టడం మరిచారని గోల లేచింది. ఏ ఇల్లాలినైనా ఒక్కసారి ప్లాను చూడమంటే చెప్పేది కాదూ?

ఆ తరవాత ఏళ్ళ తరబడి ఆ ఊరి మెక్సికన్ కుటుంబాల్లో చాలామంది ఆ గేటు తొక్కలేదు. తల్లులు ఒట్టు పెట్టుకుంటే పిల్లలు మీరలేదు. ఆ మంచు కరిగించినవాడు ఒక పల్లెటూరి కుర్రాడు. ఫెర్నాండో వాలెన్జ్వేలా. మెక్సికోలో సొనోరా రాష్ట్రంలో ఒక కుగ్రామం, పన్నెండుమంది పిల్లల్లో ఆఖరివాడు. బొద్దుగా, అమాయకంగా వుండేవాడు, ఇంగ్లీషు రాదు. బంతి విసిరే ముందు కళ్ళు ఆకాశంవైపు తిప్పేవాడు. 1981 ఏప్రిల్ 9న, ఆడవలసిన ఆటగాడికి దెబ్బ తగలడంతో, ఇరవయ్యేళ్ళ ఇతన్ని దింపారు. అవతలివాళ్ళకు ఒక్క పరుగూ ఇవ్వలేదు. వరసగా ఎనిమిది ఆటలు గెలిపించాడు. వాటిలో అయిదింటిలో ప్రత్యర్థికి సున్నా. ఊరు వెర్రెత్తిపోయింది. అతను బంతి వేసేరోజు టిక్కెట్లు దొరికేవి కావు. అమ్మమ్మలూ, మనవలూ, స్పానిష్ మాట్లాడే పేటలన్నీ గుట్ట ఎక్కాయి. రేడియోలో వాళ్ళ భాషలో ఆట చెప్పే హైమే హారీన్ అతనికి దుబాసీగా పక్కన నిలబడేవాడు. ఈ హారీన్ ఈక్వడోరు నుంచి వచ్చేదాకా బేస్‌బాల్ చూసి ఎరుగడు. 1959లో మైకు పట్టుకుని 2022 దాకా వదల్లేదు. ఆ ఏడు జట్టు జాతీయ విజేత అయింది. కొత్తవాళ్ళలో ఉత్తముడు, బంతి వేసేవాళ్ళలో ఉత్తముడు అనే రెండు బహుమతులూ ఒకే ఏడు పొందిన మొదటివాడు ఫెర్నాండో. 2024 అక్టోబరు 22న అతను పోయాడు. మూడురోజులకు అదే మైదానంలో న్యూయార్కు యాంకీలతో పోటీ మొదలై, జట్టు మళ్ళీ విజేత అయింది. ఆటగాళ్ళ చొక్కాల చేతులమీద అతని అంకె 34 కుట్టి వుంది.

అయితే ఫెర్నాండో వచ్చాడని పాత లెక్క తీరిపోలేదు. మొదట చెప్పిన నార్మార్క్ కుర్రాడు వయసు మళ్ళాక తన పాత ఫోటోలు పట్టుకుని, అందులోని మనుషుల్ని వెతుక్కుంటూ తిరిగాడు. ఫోటో చూసి, ఇది మా అమ్మ, ఇది మా వీధి కుళాయి, ఈ కుక్క మాదే అంటూ ఒక్కొక్కరు చెప్పిన మాటలతో 1999లో పుస్తకం వేశాడు. దాన్ని చూశాక నాటకం వచ్చింది, పాటల ఆల్బం వచ్చింది, ఊరికి జ్ఞాపకం వచ్చింది. 2024లో కాలిఫోర్నియా శాసనసభ ఆ కుటుంబాలకు జరిగిన నష్టాన్ని విచారించి పరిహారం సంగతి చూడాలని బిల్లు ఆమోదిస్తే గవర్నరు తిప్పి పంపేశాడు.

ఆ మూడు పేటలవాళ్ళు తమకు తాము ఒక పేరు పెట్టుకున్నారు. "లోస్ దెస్తెరాదోస్". వెళ్ళగొట్టబడ్డవాళ్ళు అని అర్థం. ఏళ్ళ తరబడి ఏటా ఒకసారి, స్టేడియం పక్కనే వున్న ఎలీజియన్ పార్కులో చెట్లకింద కలుసుకునేవారు. ఇంటినుంచి వండి తెచ్చుకునేవారు. పేటలవారీగా కూచునేవారు, పాలో వెర్డేవాళ్ళు ఒకచోట, లా లోమావాళ్ళు ఒకచోట. మనవలకు వేలు చూపించి, అదిగో అక్కడ మా గుమ్మం, ఇక్కడ మా చింకి బంతితో మేం ఆడుకున్న వీధి అని చెప్పేవారు. ఆ వేలు చూపించిన వైపు కార్లు వరసలుగా ఆగి వుండేవి.